సీడెడ్ అంటే విత్తనాలు కాదు

ఈ ఎపిసోడ్ ఒక్క ఇంగ్లిష్ క్రియ గురించి. గ్రామర్ క్లాస్ అని స్కిప్ చేయకండి, ఇది చరిత్రే.

పెద్ద హీరో సినిమా రిలీజైన వారంలో మన ఫోన్లలో ఒక పోస్టర్ తిరుగుతుంది కదా. నైజాం ఇన్ని కోట్లు, సీడెడ్ ఇన్ని కోట్లు, ఉత్తరాంధ్ర ఇన్ని, గుంటూరు ఇన్ని, నెల్లూరు ఇన్ని. అంకెలు నిజమా ఫేకా అని ఫ్యాన్స్ తెల్లార్లూ కొట్టుకుంటారు. ఆ పేర్ల వైపు మాత్రం ఎవరూ చూడరు. గుంటూరు, నెల్లూరు ఊళ్లు. ఉత్తరాంధ్ర అంటే దిక్కు. నైజాం అంటే హైదరాబాద్ పాలించిన రాజు. మరి సీడెడ్ ఏంటి?

నాది అనంతపురం జిల్లా, గుత్తి పక్కన ఒక పల్లె. అంటే పక్కా సీడెడ్ వాడిని. ఇంటర్ అయిపోయేదాకా నేనేమనుకున్నానంటే, మా వైపు అంతా చెనిక్కాయ పంట కదా, విత్తనాల ఏరియా కాబట్టి సీడెడ్ అంటారేమో అని! నవ్వకండి. తెలుగులో రాస్తే రెండు మాటలూ ఒకటే మరి. బీటెక్‌లో హైదరాబాద్ హాస్టల్‌కి వచ్చాక రూమ్మేట్స్ నన్ను పేరుతో పిలిచింది తక్కువ, 'ఏం సీడెడ్' అని పిలిచింది ఎక్కువ. ఒకరోజు కాలేజీ లైబ్రరీలో పాత పుస్తకంలో ఆ మాట స్పెల్లింగ్ కనబడింది. ఎస్ కాదు, సి. అక్కడ మొదలైంది ఈ పిచ్చి.

సీడ్. అంటే వదిలి ఇచ్చేయడం. లాటిన్‌లో 'కేడెరే' అనే మాట నుంచి వచ్చింది. వెళ్లు, తప్పుకో అని దాని అర్థం. మనం రోజూ వాడే ప్రొసీడ్, ఎక్సీడ్, సక్సీడ్, కన్సీడ్ అన్నీ దీని చుట్టాలే. విడిపోవడానికి వాడే సెసీడ్, చేరడానికి వాడే యాక్సీడ్ కూడా. 1947లో సంస్థానాల రాజుల ముందు పెట్టిన కాగితం ఇన్‌స్ట్రుమెంట్ ఆఫ్ యాక్సెషన్ గుర్తుందా? అదీ ఈ ఇంటిదే.

ఇంగ్లిష్‌లో వదులుకోవడానికి చాలా క్రియలున్నాయి. ఏది పడితే అది పెడితే కుదరదు. సరెండర్ అంటే ఎదురుగా ఒక శత్రువు ఉండాలి, చేతులెత్తేయాలి. అబ్డికేట్ అంటే సింహాసనం దిగిపోవడం. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో ఎడ్వర్డ్ 1936లో చేసింది అదే. ఎవరికి ఇచ్చావు అనే ప్రశ్న అక్కడ ముఖ్యం కాదు, దిగిపోవడమే ముఖ్యం. రినౌన్స్ అంటే నాకొద్దు అని బయటికి ప్రకటించడం, పౌరసత్వం వదులుకున్నట్టు. రిలింక్విష్ అంటే చేతిలో ఉన్న పట్టు వదలడం. గవర్నమెంట్ ఆఫీసుల్లో ట్రాన్స్‌ఫరైన ఆఫీసరు 'చార్జ్ రిలింక్విష్ చేశాను' అని రాసిస్తాడు.

సీడ్ వీటన్నిటికంటే కొంచెం తేడా. దేశాల మధ్య ఒప్పందాల్లో ఈ క్రియ వచ్చిందంటే మూడు ఖాళీలు నింపాలి. ఎవరు ఇచ్చారు, ఏం ఇచ్చారు, ఎవరికి ఇచ్చారు. పాత కోడర్‌ని కదా, నాకు ఫంక్షన్‌లాగే కనిపిస్తుంది: మూడు ఇన్‌పుట్లు ఇవ్వకపోతే రన్ కాదు. పైథాన్‌లో యీల్డ్ అని ఒక కీవర్డ్ ఉంది, అదీ ఇవ్వడమే. కానీ అక్కడ ఫంక్షన్ విలువ ఇచ్చి కాసేపు ఆగుతుంది, మళ్లీ పిలిస్తే ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. సీడ్‌లో ఆ సౌకర్యం లేదు. ఇచ్చాక కథ అయిపోయినట్టే.

ఇప్పుడు మన కథలో ఆ మూడు ఖాళీలు నింపుదాం.

1798. హైదరాబాద్‌లో రెండో నిజాం, నిజాం అలీ ఖాన్. చుట్టూ మరాఠాలు, టిప్పు సుల్తాన్. అప్పటిదాకా ఆయన దగ్గర రేమండ్ అనే ఫ్రెంచివాడు తయారుచేసిన సైన్యం ఉండేది. ఈస్టిండియా కంపెనీ దాన్ని రద్దు చేయించి, దాని బదులు తన ఆరు బెటాలియన్లను కాపలా పెట్టింది. ఖర్చు నిజాందే. సంవత్సరానికి 24,17,100 రూపాయలు, 1798 లెక్కలో. ఒకరకంగా సెక్యూరిటీ సబ్‌స్క్రిప్షన్. క్యాన్సిల్ బటన్ లేని సబ్‌స్క్రిప్షన్.

మరుసటి ఏడాది, 1799 మే 4న, శ్రీరంగపట్నంలో టిప్పు చనిపోయాడు. మైసూరు రాజ్యాన్ని పంచుకున్నారు. నిజాం వాటాకి గుత్తి, గుర్రంకొండ వైపు ప్రాంతాలు వచ్చాయి. అంతకు ముందు 1792లో టిప్పు ఓడిపోయినప్పుడే కృష్ణ నుంచి పెన్నా అవతలి దాకా, గండికోట, కడప కోటలతో సహా ఒక పెద్ద ముక్క వచ్చింది. అంటే ఆస్తి పెరిగింది. సబ్‌స్క్రిప్షన్ కూడా పెరిగింది, ఇంకో రెండు బెటాలియన్లు, గుర్రపు దళం కలిపారు. ఏటా అంత డబ్బు కట్టడం కష్టం, కట్టకపోతే తగువు. అందుకని 1800 అక్టోబర్ 12న కొత్త ఒప్పందం రాసుకున్నారు. కంపెనీ తరఫున రెసిడెంట్ జేమ్స్ కిర్క్‌పాట్రిక్. అవును, ఖైరున్నిసాతో ప్రేమకథ ఉన్న ఆ కిర్క్‌పాట్రిక్కే, అది ఇంకో ఎపిసోడ్.

ఒప్పందం సారాంశం ఇది. 1792లో, 1799లో మైసూరు నుంచి వచ్చిన భూములన్నీ నిజాం కంపెనీకి శాశ్వతంగా ఇచ్చేస్తాడు. ఇక సైన్యం ఖర్చుకు నగదు కట్టక్కర్లేదు. సరిహద్దు నీటుగా ఉండాలని తుంగభద్రను గీతగా పెట్టుకున్నారు. నదికి ఉత్తరాన ఉన్న కొప్పళ్ లాంటివి నిజాం దగ్గరే ఉంచుకుని, బదులుగా దక్షిణాన ఉన్న ఆదోని ఇచ్చేశాడు. ఆదోని వాళ్లకి ఇది ఒక వస్తు మార్పిడి అన్నమాట.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. మా గుత్తి లెక్క చూద్దాం. 1776 దాకా మరాఠా సర్దార్ మురారిరావుది. ఆయన్ని హైదర్ అలీ ఓడించాడు. తర్వాత టిప్పు. 1799 మధ్యలో నిజాం వాటాకి వచ్చింది. 1800 అక్టోబర్‌లో కంపెనీకి వెళ్లింది. నిండా ఏడాదిన్నర కూడా నిజాం చేతిలో లేదు. కానీ ఈ రోజుకీ మా ఏరియా పేరు 'ఆయన ఇచ్చేసినది'. కడప వైపు పాత నవాబులు పేరుకు నిజాం కింద ఉన్నవాళ్లే, అది ఒప్పుకోవాలి. అయినా 1800 నాటికి గట్టిగా చూస్తే ఎనిమిదేళ్ల యజమాని.

మరి కంపెనీ నేరుగా 1799లోనే తీసేసుకోవచ్చు కదా? యుద్ధం చేసిన సైన్యంలో ప్రధాన భాగం వాళ్లదే. ఇది నన్ను చాలా రోజులు తిప్పింది. జవాబు ఏ చరిత్ర పుస్తకంలోనో కాదు, మా ఇంట్లో, అమ్మ బీరువాలో దొరికింది.

మా తాతకి ఊళ్లో నాలుగెకరాల మెట్ట. ఆయన పోయాక ఇద్దరు మామలు, మా అమ్మ. కొన్నాళ్లకి అమ్మని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి తీసుకెళ్లి ఒక కాగితం మీద సంతకం పెట్టించారు. పసుపు కుంకుమ కింద ఒక చీర, కొంచెం డబ్బు. ఆ కాగితం పేరు హక్కు విడుదల దస్తావేజు. ఇంగ్లిష్‌లో రిలింక్విష్‌మెంట్ డీడ్. చిన్నప్పుడు నాకు దీంట్లో తప్పేమీ కనబడలేదు, ఆడపిల్లకి భూమేంటి అనే మాటలు వింటూ పెరిగాం కదా. ఆ తర్వాత తెలిసింది, ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి కొడుకులతో సమానంగా హక్కు ఇస్తూ మన ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టం మార్చింది. దేశం మొత్తానికి అది 2005లో వచ్చింది. మా అమ్మ పెళ్లి 90ల్లో. అంటే సంతకం పెట్టే రోజుకి ఆమెకి హక్కు ఉంది.

హక్కు ఉంది కాబట్టే సంతకం కావాల్సి వచ్చింది! లేని హక్కుని ఎవరూ విడుదల చేయించుకోరు. స్టాంపు పేపర్ ఖర్చు దండగ. ఆ దస్తావేజు మామల టైటిల్‌కి ఎంత ఆధారమో, అమ్మకి ఒకప్పుడు హక్కు ఉండేదనడానికీ అంతే ఆధారం. అమ్మని అడిగాను, ఎందుకు పెట్టావు అని. 'అడిగింటే ఇచ్చేదాన్నే గదప్పా. వాళ్లు సంతకం అడిగిరి గానీ నన్ను అడగల్యా' అంది. తర్వాత వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఇప్పుడు 1800కి రండి. కంపెనీకి కావాల్సింది భూమి ఒక్కటే కాదు, కాగితం. నేను లాక్కున్నాను అని రాసుకుంటే రేపు ఇంకొకడు వచ్చి నేనూ లాక్కుంటాను అంటాడు. ఆయన ఇచ్చాడు అని రాసుకుంటే అది టైటిల్. నేను చదివినంతలో నాకు అర్థమైంది ఇదే. సీడ్ అనే క్రియ తీసుకునేవాడికి ఎంత ఉపయోగమో ఇచ్చేవాడికి అంత కాదు. ఇచ్చినవాడిని ముందు పూర్తి యజమానిగా నిలబెడుతుంది, ఎనిమిదేళ్లో ఏడాదిన్నరో చూడదు. ఆ వెంటనే ఆ యాజమాన్యం మొత్తం అవతలి వైపుకి వెళ్లిపోతుంది.

ఆ వాక్యంలో నిజాం ఉన్నాడు, కంపెనీ ఉంది, భూమి ఉంది. జనం లేరు. గ్రామర్ ప్రకారమే వాళ్లకి చోటు లేదు.

జనం ఎప్పుడు కనబడ్డారంటే, కొత్త ఓనర్ లోపలికి వచ్చి చూసినప్పుడు. థామస్ మన్రో. 1800 చివర్లో ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చి అనంతపురంలో కూర్చున్నాడు. ఆయన లెక్కలో 80 మంది పాలెగాళ్లు. ఒక్కొక్కరికీ కోట, మనుషులు, ఆయుధాలు. వాళ్ల దృష్టిలో నిజాం ఎవరికో రాసిస్తే మాకేంటి? మన్రో వాళ్లని వరసగా అణిచేశాడు. కొందరిని తరిమేశారు, కొందరికి పెన్షన్ ఇచ్చి కూర్చోబెట్టారు. తర్వాత ఊరూరూ భూమి కొలిపించాడు. పాలెగాడు, జమీందారు మధ్యలో లేకుండా రైతు నేరుగా సర్కారుకే శిస్తు కట్టే రైత్వారీ పద్ధతి ఇక్కడ అంత పెద్ద స్థాయిలో పెట్టాడు. 1807లో ఇంగ్లండ్ వెళ్లిపోయాడు, తర్వాత మద్రాస్ గవర్నర్‌గా తిరిగొచ్చాడు. 1827 జూలైలో మళ్లీ ఈ జిల్లాలు చూడటానికి వచ్చి పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయాడు. మొదట పూడ్చింది మా గుత్తిలోనే. మా వైపు పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నవాళ్లు ఉండేవారంటే నమ్ముతారా? శిస్తు వసూలు చేసినవాడి పేరు! ఆయన మంచివాడా చెడ్డవాడా అని నన్ను అడగకండి. అంతకు ముందు ముప్ఫై ఏళ్లలో మూడు సైన్యాలు తొక్కిన ఊళ్లు అవి. ఎవడో ఒకడు వచ్చి నీ పొలం ఇంత, నువ్వు కట్టాల్సింది ఇంత అని రాసి చూపిస్తే, అదే గొప్ప అనిపించి ఉంటుంది.

అందరికీ అలా అనిపించలేదు. పెన్షన్ ఇచ్చి కూర్చోబెట్టిన పాలెగాళ్ల కుటుంబాల్లో ఒకటి ఉయ్యాలవాడ నరసింహారెడ్డిది. ఆయనకి వచ్చిన పెన్షన్ నెలకి 11 రూపాయల 10 అణాల 8 పైసలు. 1846లో తిరగబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారు. సైరా చూసిన వాళ్లకి ఈ పేరు కొత్తగా చెప్పక్కర్లేదు. సినిమా సంగతి పక్కన పెడితే, 1800 నాటి వాక్యంలో చోటు దొరకని మనుషుల్లో ఒకడు 46 ఏళ్ల తర్వాత మధ్యలోకి వచ్చి మాట్లాడినట్టు నాకు అనిపిస్తుంది.

క్రియ మారితే ఏమవుతుందో చూడాలంటే బేరారు కథ చూడాలి. అదీ నిజాందే, ఇప్పటి మహారాష్ట్రలోని విదర్భ వైపు పత్తి నేల. 1853లో మళ్లీ సైన్యం ఖర్చు బాకీ, మళ్లీ కంపెనీ ఒత్తిడి. కానీ ఈసారి బేరారు విషయంలో వాడిన మాట సీడ్ కాదు, అసైన్. అంటే పాలన మాకు, ఖర్చులు పోగా మిగిలింది మీకు, సార్వభౌమాధికారం మీదే. పనిలో పెద్ద తేడా లేదు, రెండు చోట్లా కలెక్టర్ తెల్లవాడే. కాగితం మీద మాత్రం ఒక దారం తెగలేదు. ఆ దారం పట్టుకుని మొదటి సాలార్ జంగ్ ఏళ్ల తరబడి బేరారు వెనక్కివ్వండి అని పోరాడాడు. 1902లో కర్జన్ దాన్ని ఏడాదికి 25 లక్షల శాశ్వత లీజుగా మార్చాడు. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ మళ్లీ అడిగాడు. 1926లో వైస్రాయ్ రీడింగ్ ఘాటుగా జవాబు రాశాడు, బ్రిటిష్ సార్వభౌమత్వమే పైది, మీరు మాతో సమానంగా వాదించలేరని. చివరికి 1936లో దక్కింది ఒక బిరుదు. నిజాం పెద్ద కొడుకు ప్రిన్స్ ఆఫ్ బేరార్ అయ్యాడు. భూమి రాలేదు, పేరు వచ్చింది.

హాంకాంగ్‌లోనూ ఇదే తేడా. 1842లో హాంకాంగ్ దీవి సీడ్ చేశారు, 1898లో పక్కనున్న న్యూ టెరిటరీస్ మాత్రం 99 ఏళ్ల లీజు. ఆ లీజు గడువే 1997లో మొత్తం కథని తిప్పింది.

మా జిల్లాల మీద దారం లేదు. తెగిపోయింది. ఆ తెగిన గుర్తే పేరుగా మిగిలింది, సీడెడ్ డిస్ట్రిక్ట్స్. ప్రభుత్వ కాగితాల్లో, రైల్వేల్లో, సైన్యంలో అంతా అదే మాట. తెలుగులో దత్త మండలాలు అన్నారు. దత్త అంటే ఇవ్వబడిన. దత్తత, దత్తపుత్రుడు అన్నీ అదే మాట. నాకైతే ఇంగ్లిష్ కంటే తెలుగే ఎక్కువ గుచ్చుకుంటుంది. సీడెడ్ అంటే అర్థం తెలియక ఊరుకోవచ్చు, దత్త అంటే మాత్రం అందరికీ తెలుసు. పైగా మన భాషలో వదిలేయడం వేరు, వదులుకోవడం వేరు. వదులుకోవడంలో ఇచ్చినవాడికి కొంత బాధ, కొంత నష్టం ఉంటుంది. దత్త అనే మాటలో అది కూడా లేదు. ఎవరో ఇచ్చారు, ఇంకెవరో పుచ్చుకున్నారు.

1916లో అనంతపురంలో కాలేజీ పెడితే దానికీ సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజీ అనే పేరు పెట్టారు. ఆ కాలేజీలో తెలుగు చెప్పిన పండితుడు చిలుకూరి నారాయణరావు. ఆయన మా వైపు వాడు కాదు, శ్రీకాకుళం వైపు వాడు. ఆంధ్ర భాషా చరిత్ర రాసిన మనిషి, మాటల బరువు తెలిసినవాడు. 1928 నవంబర్‌లో నంద్యాలలో ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు, దత్త మండలాల సమావేశంలో ఈ పేరు మనకొద్దు, రాయలసీమ అందాం అని ప్రతిపాదించాడు. ఈ పేరు గాడిచర్ల హరిసర్వోత్తమరావు పెట్టాడని చాలాకాలం చెప్పుకున్నారు. ఇప్పుడు ఎక్కువమంది చిలుకూరి పేరే చెబుతున్నారు.

రాయలు అన్నా రాజు పేరే కదా, జనం పేరు కాదు కదా అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. కానీ ఒకసారి రెండు పేర్లూ పైకి అని చూడండి. ఒకదానిలో మనం ఒక లావాదేవీ, ఇంకోదానిలో ఒక నేల. 128 ఏళ్లు లావాదేవీగా బతికిన తర్వాత ఆ తేడా చిన్నది కాదు.

పేరు మారింది గానీ భూమి చేతులు మారడం ఆగలేదు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడు బళ్లారి మైసూరుకి వెళ్లింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఇటు వచ్చాయి. 1800లో కొప్పళ్‌కి బదులుగా వచ్చిన ఆదోని గుర్తుందిగా, మళ్లీ లెక్కలోకి వచ్చింది.

ఇంతా అయ్యాక ఆ పాత మాట ఎక్కడ బతికుందంటే సినిమా డిస్ట్రిబ్యూషన్‌లో. అక్కడా పూర్తి కరెక్ట్ కాదు. సీడెడ్ ఏరియా అంటే చిత్తూరు కూడా కలిపే లెక్కేస్తారు. నిజానికి తిరుపతి, చిత్తూరు వైపు నిజాం ఇచ్చింది కాదు. అది ఆర్కాట్ నవాబు రాజ్యం, 1801లో వేరే ఒప్పందంతో కంపెనీకి వెళ్లింది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె వైపు మాత్రం కడప జిల్లా నుంచి వచ్చి కలిసింది. కాబట్టి తిరుపతి ఫ్రెండ్స్, మీరు టెక్నికల్‌గా సీడెడ్ కాదు. మదనపల్లె వాళ్లు అవును. థియేటర్ కలెక్షన్లు మాత్రం కలిపే వస్తాయి.

ఇంకోటి గమనించారా? ఆ పోస్టర్‌లో మొదటి రెండు లైన్లు నైజాం, సీడెడ్. ఇచ్చినవాడు, ఇచ్చేసినది. 1800 ఒప్పందం పక్కపక్కనే నిలబడి ఉంటుంది, కింద కోట్ల లెక్కతో.

అమ్మకి ఈ ఎపిసోడ్ స్క్రిప్ట్ చదివి వినిపించాను. దస్తావేజు గురించి చెప్పాలా వద్దా అని అడిగాను. చెప్పు, మామల పేర్లు మాత్రం వద్దు, దసరాకి ఇంటికి వస్తారు అంది. మీ ఇళ్లలో తాతల కాలం నాటి సర్టిఫికెట్, పాత పట్టా, కాలేజీ గ్రూప్ ఫొటో దేని మీదైనా సీడెడ్ డిస్ట్రిక్ట్స్ అని అచ్చు వేసి ఉంటే ఒక ఫొటో తీసి నాకు పంపండి. నేను ఇప్పటిదాకా చూసినవి పుస్తకాల్లోనే. వచ్చే వారం కిర్క్‌పాట్రిక్ దగ్గరికి వెళ్దాం, మాటిచ్చాను కదా.